ఏ కీర్తన ఏ సందర్భానిది? ప్రాచీన హెబ్రీ ఆరాధన పాటల రూపాలు, వాడుకలు

బైబిలు కీర్తనల గ్రంథంలోని 13వ కీర్తనలో ఉన్నవి ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లోనే "ఎన్నాళ్లు?" అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. ఎన్నాళ్లు నన్ను మరచిపోతావు, ఎన్నాళ్లు ముఖం దాచుకుంటావు, ఎన్నాళ్లు నాలో నేనే కుమిలిపోవాలి, ఎన్నాళ్లు శత్రువుది పైచేయి కావాలి అని దేవుణ్ణి నిలదీస్తాడు పాడేవాడు. తర్వాతి రెండు వచనాలు వేడుకోలు: నా వంక చూడు, జవాబివ్వు, లేకపోతే నాకు చావే గతి. ఆ వెంటనే చివరి రెండు వచనాల్లో అదే మనిషి యెహోవా నాకు మేలు చేశాడు, ఆయనకు పాట పాడతాను అంటాడు. నాలుగో వచనానికీ ఐదో వచనానికీ మధ్య ఏం జరిగింది? రోగం తగ్గిందా? శత్రువు ఓడిపోయాడా? పాటలో ఆ ఊసే లేదు.

కీర్తనను ఒక మనిషి రాసుకున్న డైరీలా చదివితే ఈ మలుపు అంతుపట్టదు. మనలో చాలామందికి అలా చదవడమే అలవాటు. ఇశ్రాయేలు రాజు దావీదుకు బాధ కలిగింది, రాసుకున్నాడు, తర్వాత ధైర్యం వచ్చింది, అదీ రాసుకున్నాడు అనుకుంటాం. కానీ ఈ 150 పాటల్లో ఎక్కువ భాగం పదిమంది కలిసి పాడుకోవడానికీ, కష్టంలో ఉన్న ఎవరైనా నోట పట్టుకోవడానికీ అల్లినవి. ఒక్కో రకం పాటకు ఒక్కో కట్టుబడి ఉంది. ఆ కట్టుబడి వెనుక ఒక సందర్భం ఉంది. పండుగ, మొక్కు తీర్చడం, యుద్ధానికి బయలుదేరడం, ఊరు కాలిపోయాక చేసే ఉపవాసం, ఇలా. సందర్భం తెలిస్తే పాట దానంతట అదే విప్పుకుంటుంది.

ఈ దారి చూపించినవాడు జర్మన్ పండితుడు హెర్మన్ గుంకెల్ (1862–1932). అంతకుముందు పండితుల గొడవంతా ఏ కీర్తన ఎవరు రాశారు, ఏ సంవత్సరంలో రాశారు అన్నదాని చుట్టూ తిరిగేది. గుంకెల్ ఆ ప్రశ్నను పక్కన పెట్టి, ఇది ఏ రకం పాట, దీన్ని ఎక్కడ పాడేవారు అని అడిగాడు. మన జోలపాటలనో, ఊడ్పుల పాటలనో, అప్పగింతల పాటలనో తలచుకుంటే ఆయన మాట సులువుగా అర్థమవుతుంది. ఎవరు కట్టారో మనకు తెలియదు, అయినా మొదటి చరణం చెవిన పడగానే అది ఎక్కడి పాటో, ఎందుకు పాడతారో తెలిసిపోతుంది. 1926లో వచ్చిన కీర్తనల వ్యాఖ్యానంలో ఆయన ఈ పద్ధతినే అన్ని కీర్తనలకూ వర్తింపజేశాడు. దానికి ఉపోద్ఘాతంగా రాస్తున్న పుస్తకం పూర్తికాకుండానే కన్నుమూశాడు. శిష్యుడు యోవాకిమ్ బెగ్రిష్ దాన్ని ముగించి 1933లో అచ్చువేయించాడు.

మరి దావీదు సంగతేమిటి అని అడిగేవారుంటారు. హెబ్రీ ప్రతిలో 73 కీర్తనల శీర్షికల్లో దావీదు పేరుంది. ఆలయ గాయకుల్లో ఆసాపు పేరు మీద 12, కోరహు కుమారులనే వంశం పేరు మీద 11 ఉన్నాయి. సొలొమోనుకు రెండు, మోషేకు ఒకటి. 72వ కీర్తన చివర "యెష్షయి కుమారుడైన దావీదు ప్రార్థనలు ముగిసెను" అనే అర్థం వచ్చే మాట కనిపిస్తుంది. కానీ ఆ తర్వాత కూడా దావీదు పేరున్న కీర్తనలు పద్దెనిమిది వస్తాయి. అంటే మొదట విడివిడిగా ఉన్న చిన్న సంకలనాలను తర్వాతివారు ఒకచోట చేర్చారన్నమాట. 14వ కీర్తన, 53వ కీర్తన దాదాపు ఒకే పాట కావడానికి కూడా కారణం ఇదే. రెండు సంకలనాల్లోనూ ఆ పాట ఉంది, రెండూ అలాగే వచ్చి చేరాయి. ఇప్పుడు మన చేతిలో ఉన్న గ్రంథం ఐదు భాగాలుగా ఉంటుంది. 41, 72, 89, 106 కీర్తనల చివర ఉండే చిన్న స్తుతివాక్యాలు ఆ భాగాలకు గట్టులు.

రెండు పాదాల నడక

రూపం గురించి మాట్లాడాలంటే ముందు పాదం సంగతి చూడాలి. హెబ్రీ కవితలో మనకు తెలిసిన యతిప్రాసల్లాంటి నియమం లేదు. దాని ప్రాణం జంట పాదాల్లో ఉంది. మొదటి పాదం ఒక మాట అంటుంది, రెండో పాదం దాన్ని అందుకుంటుంది. 19వ కీర్తన మొదటి వచనం చూడండి. "ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి, అంతరిక్షము ఆయన చేతిపనిని ప్రచురపరచుచున్నది." ఆకాశానికి అంతరిక్షం జత, మహిమకు చేతిపని జత, వివరించడానికి ప్రచురపరచడం జత.

ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు రాబర్ట్ లౌత్ 1753లో లాటిన్‌లో అచ్చువేసిన ఉపన్యాసాల్లో ఈ పద్ధతిని మూడు రకాలుగా విడదీశాడు. రెండో పాదం మొదటిదాన్నే మరోలా చెప్పడం, దానికి ఎదురుమాట చెప్పడం, దాన్ని పొడిగించడం. రెండు వందల ఏళ్లకు పైగా అందరూ ఈ లెక్కనే చెప్పుకున్నారు. 1981లో జేమ్స్ కూగెల్ అనే బైబిలు పండితుడు అభ్యంతరం లేవదీశాడు. రెండో పాదం ఊరికే మొదటిదాన్ని తిరగరాయదు, ప్రతిసారీ ఒక మెట్టు పైకెక్కుతుంది అన్నాడు. నాకు కూగెల్ మాటే సబబుగా తోస్తుంది. పై వచనంలోనే చూడండి, "మహిమ" కంటికి ఆనదు. "చేతిపని" అనగానే చూడటానికి ఒక వస్తువు దొరుకుతుంది.

ఈ జంట పాదాల వల్ల జరిగిన గొప్ప మేలు ఒకటుంది. ఛందస్సు మీద నిలబడిన పద్యాన్ని వేరే భాషలోకి తెస్తే సగం ప్రాణం పోతుంది. పోతన పద్యాన్ని ఇంకో భాషలో చదివినవారికి ఈ బాధ తెలుసు. కీర్తన మాత్రం ఏ భాషలోకి వెళ్లినా తన నడకను చాలావరకు వెంట తీసుకెళ్తుంది, ఎందుకంటే ఆ లయ శబ్దంలో కన్నా భావంలో ఎక్కువగా ఉంది. తెలుగు బైబిలు వచనంలోనే ఉన్నా, కీర్తనలు తీసి బిగ్గరగా చదివితే పాటలాగే సాగుతాయి. గుంపులు గుంపులుగా పాడుకోవడానికీ ఈ నడక అనువైనది. 136వ కీర్తనలో 26 వచనాలుంటే, 26సార్లూ రెండో పాదం ఒకటే: ఆయన కృప నిరంతరముండును. ముందు పాదం ఒకరు అందుకుంటే వెనక పాదం సమాజమంతా అందుకునే పాట అది.

అందరికీ ఈ నడకొక్కటే చాలలేదు. కొందరు కవులు హెబ్రీ అక్షరమాలలోని 22 అక్షరాల వరుసలో పాదాలు మొదలుపెట్టారు. 119వ కీర్తనలో ఒక్కో అక్షరానికి ఎనిమిదేసి వచనాలు, మొత్తం 176. తెలుగు బైబిలులో ఆ భాగాల మీద కనిపించే ఆలెఫ్, బేత్, గీమెల్ అన్నవి ఆ అక్షరాల పేర్లే.

విలాపం: అన్నిటికన్నా పెద్ద గుంపు

కీర్తనలంటే స్తుతి అనుకుంటాం. గ్రంథానికి హెబ్రీలో ఉన్న పేరు కూడా స్తుతులనే. కానీ లోపల మూడో వంతుకు పైగా విలాపాలే అని పండితులు లెక్కవేస్తారు. వీటి కట్టుబడి ఇలా సాగుతుంది. దేవుణ్ణి పేరు పెట్టి పిలవడం, ఫిర్యాదు, నమ్మకం ప్రకటించడం, ఏం కావాలో అడగడం, చివర స్తుతి లేదా మొక్కు. అన్నీ ప్రతిదాంట్లో ఉండవు, వరుస కూడా మారుతుంది. ఒకటి గమనించండి. పాడేవాడి కష్టం ఎప్పుడూ స్పష్టంగా ఉండదు. ఎముకలు వణికాయి, కన్నీళ్లతో పరుపు తడిసింది, కుక్కలు చుట్టుముట్టాయి, నీళ్లు గొంతుదాకా వచ్చాయి అంటాడు. రోగమా, కోర్టు వ్యవహారమా, పొరుగువాడి పగా అన్నది తేలదు. ఇది కవి చేతకానితనం కాదు. ఎవరి కష్టమైనా అందులో ఇమడాలి కాబట్టి అలా ఖాళీ ఉంచారు.

ఇప్పుడు 13వ కీర్తనలోని మలుపు దగ్గరికి రావచ్చు. బెగ్రిష్ 1934లో ఒక వివరణ ఇచ్చాడు. బాధితుడు ఆలయంలో తన గోడు వెళ్లబోసుకున్నాక, యాజకుడు, అంటే ఆలయ పూజారి, దేవుని పేరట "భయపడకు, నీ మొర ఆలకించాను" అని ఒక మాట పలికేవాడు, ఆ మాట విన్నాకే చివరి స్తుతి మొదలయ్యేది అన్నాడు. దీనికి మంచి సాక్ష్యం సమూయేలు మొదటి గ్రంథంలో ఉంది. పిల్లలు లేని హన్నా షిలోహు మందిరంలో పెదవులు మాత్రమే కదుపుతూ ఏడుస్తుంది. యాజకుడు ఏలీ ముందు ఆమె తాగి ఉందనుకుంటాడు. సంగతి తెలిశాక క్షేమంగా వెళ్లు, నీవు అడిగింది దేవుడు నీకు దయచేయు గాక అంటాడు. ఆమె వెళ్లి భోజనం చేసింది, అప్పటి నుంచి ఆమె ముఖంలో దుఃఖం లేదు అని రాసి ఉంది. బిడ్డ ఇంకా పుట్టలేదు. కడుపు కూడా పండలేదు. మారినదల్లా ఒక మాట చెవిన పడటమే.

కొన్ని కీర్తనల్లో ఆ మాట పాటలోపలే మిగిలిపోయింది. 12వ కీర్తన ఐదో వచనంలో ఉన్నట్టుండి దేవుడే మాట్లాడతాడు: బాధపడేవారి కోసం నేనిప్పుడు లేస్తాను. 20వ కీర్తనలో రాజు యుద్ధానికి బయలుదేరుతుంటే ప్రజలు దీవిస్తారు. మధ్యలో ఒక గొంతు "ఇప్పుడు నాకు తెలిసింది" అంటుంది. అక్కడ ఏదో విన్నారనే అనిపిస్తుంది. అలాగని ప్రతి మలుపునూ యాజకుడి ఖాతాలో వేయలేం. మొక్కుకునేటప్పుడే, తీరబోయే కోరికకు ముందుగా కృతజ్ఞత చెప్పుకోవడం కూడా మనిషి స్వభావమే. 13వ కీర్తన ఇంట్లో పాడుకున్నా పనిచేసేది అందుకే.

మలుపు లేని పాట కూడా ఒకటుంది, 88వ కీర్తన. దాంట్లో ఓదార్పు రాదు, మొక్కు రాదు, స్తుతి రాదు. నా స్నేహితులను దూరం చేశావు అనే ఫిర్యాదుతో మొదలైన ఆఖరి వచనం చీకటి దగ్గర ఆగిపోతుంది. ఇలాంటి పాటను సంకలనకర్తలు తీసేయకపోవడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. జవాబు రాని మనిషికి కూడా ఆరాధనలో చోటుందని వాళ్లు ఒప్పుకున్నారు.

వ్యక్తి విలాపాలతో పాటు జాతి విలాపాలూ ఉన్నాయి. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును, సొలొమోను ఆలయాన్ని కాల్చివేసింది. 74, 79 కీర్తనల్లో ఆ బూడిద వాసన ఉంది. గొడ్డళ్లతో చెక్కడపు పనులను విరగగొట్టారు అని 74 చెబుతుంది. 80వ కీర్తనలో "మమ్మల్ని మళ్లీ నిలబెట్టు, నీ ముఖకాంతి మా మీద ప్రకాశింపనియ్యి" అనే పల్లవి మూడుసార్లు తిరిగి వస్తుంది.

శాపాల సంగతి దాటవేయకూడదు. 109వ కీర్తన శత్రువు పిల్లలు బిచ్చమెత్తుకోవాలని కోరుతుంది. 137వ కీర్తన బబులోను నదుల ఒడ్డున కూర్చుని ఏడ్చిన బందీల పాటగా మొదలై, బబులోను పసిపిల్లలను బండకేసి కొట్టేవాడు ధన్యుడు అని ముగుస్తుంది. 1970ల మొదట్లో రోమన్ కతోలిక సభ తన దైనందిన ప్రార్థన గ్రంథాన్ని సవరించినప్పుడు 58, 83, 109 కీర్తనలను పూర్తిగా పక్కన పెట్టింది, 137లో ఆ చివరి వచనాలను వదిలేసింది. సమాజం కలిసి వల్లించే ప్రార్థన విషయంలో ఆ నిర్ణయం నాకు అర్థమవుతుంది. కానీ గ్రంథంలో అవి ఉండాల్సిందే. తన ఊరు బూడిదైన మనిషి ఎంత కోపంతో ఉంటాడో, ఆ కోపాన్ని కత్తి చేసుకోకుండా దేవుడి ముందు ఎలా కక్కేస్తాడో అవి దాచకుండా చూపిస్తాయి.

మొక్కు తీరిన రోజు

విలాపం చివర చేసిన మొక్కు తీర్చుకునే పాటే కృతజ్ఞతా కీర్తన. 30, 116, 118 ఈ కోవలోవి. చావు అంచుదాకా వెళ్లాను, పిలిచాను, విన్నాడు, ఇదిగో చెబుతున్నాను అన్నది వీటి కథ. ఇది మనసులో అనుకుంటే సరిపోదు. లేవీయకాండము ఏడో అధ్యాయం ప్రకారం కృతజ్ఞతా బలి మాంసాన్ని ఆ రోజే తినేయాలి, తెల్లారేదాకా ఉంచకూడదు. ఒక జంతువు మాంసం ఒక ఇంటివాళ్లు ఒక్క పూటలో తినగలిగేది కాదు. కాబట్టి బంధువులు, పేదలు అంతా రావాలి. వచ్చినవాళ్ల ముందు జరిగిందంతా చెప్పాలి. "నా దేవా, నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు" అని మొదలయ్యే 22వ కీర్తన చివరికొచ్చేసరికి మహాసమాజంలో మొక్కు చెల్లించడం, దీనులు తిని తృప్తిపడటం కనిపిస్తుంది. ఈ విందు తెలియకపోతే ఆ వచనాలు ఎక్కడినుంచో ఊడిపడ్డట్టు ఉంటాయి.

స్తోత్రగీతం వీటికన్నా సరళమైనది. రండి స్తుతించండి అని పిలుపు, ఎందుకంటే అని కారణం, మళ్లీ పిలుపు. రెండే వచనాలున్న 117వ కీర్తనలో ఈ మూడూ ఉన్నాయి. దాన్ని చదివితే 33, 100, 113, 145 అన్నీ ఎలా కట్టారో తెలిసిపోతుంది.

రాజు కీర్తనలు వేరే సంగతి. 45 రాజుగారి పెళ్లిపాట. 2, 110 పట్టాభిషేకానికి సంబంధించినవిగా చాలామంది భావిస్తారు. 72 రాజు పేదలకు న్యాయం చేయాలని కోరే ప్రార్థన. ఆలయంతో పాటే సింహాసనం కూడా పోయింది, పాటలు మాత్రం పోలేదు. రావలసిన రాజు గురించి అన్నట్టుగా వాటిని పాడుకున్నారు. తొలి క్రైస్తవులు వాటిని యేసుకు అన్వయించారు. కొత్త నిబంధనలో ఎక్కువగా ప్రస్తావనకొచ్చే కీర్తన 110 కావడానికి మూలం ఇక్కడుంది.

నార్వే పండితుడు సిగ్మండ్ మోవింకెల్ (1884–1965) గుంకెల్ కన్నా ఒక అడుగు ముందుకేశాడు. "యెహోవా రాజ్యం చేస్తున్నాడు" అని చాటే 47, 93, 96–99 కీర్తనలు ఏటా శరత్కాలంలో జరిగే ఒక పెద్ద పండుగకు చెందినవని, బబులోనులో కొత్త సంవత్సరం పండుగ లాంటిదే యెరూషలేములోనూ జరిగేదని వాదించాడు. అలాంటి పండుగ పేరుగానీ క్రమంగానీ బైబిలులో ఎక్కడా లేదు. కీర్తనల నుంచి పండుగను ఊహించి, ఆ పండుగతో మళ్లీ కీర్తనలను వివరించడం నాకు బలమైన వాదనగా అనిపించదు. కానీ ఈ పాటలు ఊరేగింపుల్లో, బూరల మోతలో పుట్టాయన్న ఆయన పట్టుదల మాత్రం నిజం. 24వ కీర్తన చూడండి. యెహోవా కొండ ఎక్కదగినవాడు ఎవడు అని ఒక ప్రశ్న, చేతులు శుద్ధిగా ఉన్నవాడే అని జవాబు. తర్వాత గుమ్మాలారా తలలెత్తండి అని ఒక కేక, ఈ మహిమగల రాజు ఎవడు అని లోపలినుంచి ఎదురుప్రశ్న. గుమ్మం ముందు రెండు గుంపులు నిలబడితే తప్ప ఈ పాట నడవదు.

గుడిలో, దారిలో, ఇంట్లో

క్రీ.పూ. 515లో రెండో ఆలయం పూర్తయింది. అందులో పాట లేవీయుల, అంటే ఆలయ సేవకు కేటాయించిన లేవీ గోత్రంవారి, బాధ్యత. దినవృత్తాంతముల మొదటి గ్రంథం ఆసాపు, హేమాను, యెదూతూను కుటుంబాల నుంచి 288 మంది గాయకులను 24 వంతులుగా చెబుతుంది. వారంలో ఏ రోజు ఏ కీర్తన పాడేవారో యూదుల మిష్నా గ్రంథంలో జాబితా ఉంది. ఆదివారం 24, సోమవారం 48, మంగళవారం 82, బుధవారం 94, గురువారం 81, శుక్రవారం 93, విశ్రాంతిదినాన 92. ఆఖరిదానికి విశ్రాంతిదినానికి తగినదని శీర్షికలోనే ఉంది.

పెద్ద పండుగలకు 113 నుంచి 118 వరకు వరుసగా పాడేవారు. ఐగుప్తు నుంచి విడుదలను తలచుకునే పస్కా పండుగకు పశువులను వధించేటప్పుడు ఆలయంలో లేవీయులు, ఆ రాత్రి ఇళ్లలో కుటుంబాలు పాడేవి. భోజనానికి ముందు కొంత, తర్వాత మిగతాది. కడరాత్రి భోజనం అయ్యాక యేసూ శిష్యులూ కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లారని మత్తయి రాసింది ఈ పాటల గురించే కావచ్చు. 120 నుంచి 134 వరకు ఉన్న పదిహేను చిన్న పాటలకు తెలుగు బైబిలులో "యాత్రకీర్తన" అని శీర్షిక. కొండ మీది యెరూషలేముకు ఎక్కివెళ్లే యాత్రికుల పాటలివి అన్నది ఎక్కువమంది అభిప్రాయం. ఆలయంలో స్త్రీల ఆవరణం నుంచి లోపలికి పదిహేను మెట్లుండేవని, పర్ణశాలల పండుగ రాత్రి లేవీయులు ఆ మెట్ల మీద నిలబడి వాయించేవారని మిష్నా చెబుతుంది.

ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. పాట ఏ రూపంలో పుట్టిందో, ఎప్పుడూ అదే పనికి వాడారని కాదు. 30వ కీర్తన ఒక మనిషి రోగం నుంచి లేచి పాడే పాట. సాయంకాలం ఏడుపు వచ్చినా ఉదయాన సంతోషం కలుగుతుంది అన్న మాట అందులోదే. కానీ దాని శీర్షికలో మందిర ప్రతిష్ఠ గీతం అని ఉంది. ఒక రోగి కోలుకోవడం ఆలయం కోలుకోవడానికి గుర్తయింది. తర్వాతి కాలంలో యూదులు దాన్ని, ఆలయాన్ని తిరిగి ప్రతిష్ఠించిన రోజును తలచుకునే హనుక్కా పండుగకు కూడా కలుపుకున్నారు. 51వ కీర్తనలో నీకు బలి ఇష్టం లేదు, విరిగిన మనసే బలి అని ఉంటుంది. కానీ చివరి రెండు వచనాలు యెరూషలేము గోడలు కట్టించు, అప్పుడు కోడెదూడలను అర్పిస్తారు అంటాయి. గోడలు కూలిన కాలంలో ఎవరో ఆ పాటను అందుకుని తమ ప్రార్థన జోడించారని చాలామంది పండితుల అభిప్రాయం. శీర్షిక దావీదు పశ్చాత్తాపాన్ని చెబుతుంది, చివర జాతి గోడు వినిపిస్తుంది. రెండూ పాట చరిత్రలో భాగమే.

క్రీ.శ. 70లో రోమన్లు రెండో ఆలయాన్ని కూల్చాక బలులు ఆగిపోయాయి. పాటలు సమాజమందిరాలకు, ఇళ్లకు తరలిపోయాయి. ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ అనే క్రైస్తవ సన్యాసి తన మఠవాసులకు వారానికి 150 కీర్తనలూ పాడాలని నియమం పెట్టాడు. తెలుగు క్రైస్తవ ఇళ్లలో గృహప్రవేశానికి 127, ప్రయాణానికి 121, భూస్థాపనకు 90, భయానికి 91 తీయడం ఇదే పరంపర. "యెహోవా నా కాపరి" ఇళ్ల గుమ్మాల మీద, ఆటోల వెనుక కూడా కనిపిస్తుంది. విలాపాలు మాత్రం మన ఆరాధనల్లో తక్కువే వినిపిస్తాయి. తుఫాను వచ్చి పంట పోయిన ఏడాది కూడా మనం స్తుతి కీర్తనలే వెతుక్కుంటాం. 44, 80, 88 మన చేతిలోని బైబిలులోనే ఉన్నాయి, వాటిని బిగ్గరగా చదివే అలవాటు లేదు.

ఈ ఇబ్బంది పాతదే. 44వ కీర్తనలో "ప్రభువా, మేలుకో, ఎందుకు నిద్రపోతున్నావు?" అనే వచనం ఉంది. రెండో ఆలయంలో లేవీయులు ఈ మాటను రోజూ పలికేవారని, వాళ్లకు మేలుకొలిపేవారని పేరుండేదని యూదు సంప్రదాయం చెబుతుంది. యోహానాను అనే ప్రధాన యాజకుడు ఆ ఆచారాన్ని మాన్పించాడు. దేవునికి నిద్ర ఉంటుందా, ఇశ్రాయేలును కాపాడేవాడు కునకడు నిద్రపోడు అని 121వ కీర్తనలో లేదా అన్నది యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్ముదు చెప్పే కారణం. ఆచారం ఆగింది. వచనాన్ని మాత్రం ఎవరూ కొట్టివేయలేదు. కునకనివాడని చెప్పే పాట, ఎందుకు నిద్రపోతున్నావని అడిగే పాట ఒకే పుస్తకంలో ఉన్నాయి, రెంటినీ పాడుకోమనే ఉంచారు.